రామానుజన్ తప్పిన పరీక్షలు



లెక్కల పరీక్ష అయిన రోజు సాయంత్రం ఏ హాస్టల్లో చూసినా ఒకటే చర్చ. ఎనిమిది మార్కుల లెక్కకు నీకెంత వచ్చింది, నాకెంత వచ్చింది అని క్వశ్చన్ పేపరు ముందేసుకుని గుంపుగా కూర్చుంటారు. జవాబు కలిసినవాడి ముఖం వెలిగిపోతుంది. కలవనివాడు అన్నం దగ్గర కూడా మాట్లాడడు. అప్పుడు ఎవరో ఒకరు వాడి భుజం తట్టి, శ్రీనివాస రామానుజన్ అంతటివాడే పరీక్షలో ఫెయిలయ్యాడు, మనమెంత అని ఓదారుస్తారు.

ఆ మాట నిజమే. కానీ అది సగం నిజం. మిగిలిన సగం తెలియకపోతే ఆ ఓదార్పే సాకుగా మారిపోతుంది. ఆయన ఏ పరీక్షలో తప్పాడు, ఎందుకు తప్పాడు, తప్పినందుకు ఏం పోగొట్టుకున్నాడు, ఆ తర్వాత ఆయన్ను ఎవరు చేయి పట్టుకుని లేపారు అన్న సంగతులు హాస్టల్ పిల్లలమైన మనం తప్పక తెలుసుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక్క మార్కు కోసం కన్నీళ్ళు

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళనాడులోని ఈరోడ్‌లో అమ్మమ్మ ఇంట్లో పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక చీరల కొట్టులో గుమాస్తా. నెలకు 20 రూపాయల జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజన పాటలు పాడి నాలుగు డబ్బులు తెచ్చేది. అగ్రకులంలో పుట్టినా ఇంట్లో పేదరికమే.

1897లో ప్రైమరీ పరీక్షలో ఆ పిల్లవాడు తంజావూరు జిల్లాకే మొదటివాడుగా వచ్చాడు. ఆ బడి రోజుల్లోనే ఒకసారి అంకగణితం పరీక్షలో 45కు 42 మార్కులు వచ్చాయి. తోటి విద్యార్థికి 43 వచ్చాయి. ఒక్క మార్కు తేడా. ఆ తేడా ఓర్చుకోలేక రామానుజన్ ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయాడట. పరీక్ష పోయిందని మనలో ఎవరైనా మూల కూర్చుని ఏడిస్తే నవ్వకండి తమ్ముళ్ళూ. ప్రపంచం మెచ్చిన గణిత మేధావి కూడా ఆ వయసులో అలాగే ఏడ్చాడు.

ఇల్లే ఒక హాస్టల్

జీతం చాలక రామానుజన్ తల్లిదండ్రులు ఇంట్లో ఇద్దరు కాలేజీ విద్యార్థులను పెట్టుకున్నారు. వాళ్ళకు తెలిసిన లెక్కలన్నీ రామానుజన్ చిన్న వయసులోనే అడిగి అడిగి నేర్చేసుకున్నాడు. ఇక చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. తర్వాత లోనీ రాసిన త్రికోణమితి పుస్తకం అరువు తెచ్చుకుని, పదమూడో ఏటికి దాన్ని ఔపోసన పట్టాడు.

ఇది చదివినప్పుడు నాకు మన హాస్టలే గుర్తుకొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. నా మార్కుల లిస్టు మీద మా నాన్న వేలిముద్ర వేసేవాడు. ఇంటికి వెళితే లెక్క చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. హాస్టల్లో పై క్లాసు అన్నలు చెప్పబట్టే ఈ రోజు తిరుపతిలో ఎం.ఎస్సీ. గణితం చదువుతున్నాను. రామానుజన్ మొదటి ట్యూషన్ మాస్టర్లు కూడా అలాంటి అన్నలే.

1903లో ఆయన చేతికి జి.ఎస్.కార్ అనే ఇంగ్లీషు ఆయన కూర్చిన గణిత సంగ్రహం వచ్చింది. అందులో దాదాపు ఐదు వేల సూత్రాలు ఉన్నాయి. చాలావాటికి నిరూపణలు లేవు. ఉన్నా ఒకటి రెండు ముక్కలే. ఆ కార్ ఎవరనుకున్నారు? కేంబ్రిడ్జి పరీక్షలకు విద్యార్థులను తయారు చేసే ప్రైవేటు ట్యూటర్. అంటే మన భాషలో చెప్పాలంటే అది ఒక గైడు. మామూలు విద్యార్థి గైడు చేతికొస్తే జవాబు బట్టీ పడతాడు. రామానుజన్ మాత్రం ఒక్కొక్క సూత్రాన్ని తానే మొదటినుంచి రాబట్టి చూసుకున్నాడు. అలా రాబడుతుంటే పుస్తకంలో లేని కొత్త సూత్రాలు దొరికాయి. వాటిని నోటుబుక్కులో రాసుకున్నాడు. పుస్తకం చిన్నదా పెద్దదా అన్నది కాదు, దాన్ని ఎలా చదివామన్నది ముఖ్యం.

స్కాలర్‌షిప్ పోయిన సంవత్సరం

1903 డిసెంబరులో రామానుజన్ మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. అప్పట్లో మన ప్రాంతం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. చిత్తూరు అప్పటికి ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. మన ఊళ్ళ విద్యార్థులు రాసిందీ ఆ మద్రాసు మెట్రిక్ పరీక్షే. అయితే మనలాంటి ఇళ్ళ పిల్లలకు ఆ రోజుల్లో బడి గడప దాటి లోపలికి పోవడమే గగనం.

1904లో టౌన్ హైస్కూలులో రామానుజన్‌కు గణితంలో రంగనాథరావు బహుమతి వచ్చింది. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో ఎఫ్.ఏ. చదవడానికి స్కాలర్‌షిప్ కూడా దొరికింది. ఇక ఫర్వాలేదనుకున్న చోటే దెబ్బ తగిలింది. ఎఫ్.ఏ.లో గణితం ఒక్కటే కాదు, ఇంగ్లీషు, సంస్కృతం, శరీరధర్మ శాస్త్రం, గ్రీకు రోమను చరిత్ర కూడా ఉండేవి. ఆయన ధ్యాసంతా గణితం మీదే. క్లాసులో చరిత్ర పాఠం జరుగుతుంటే ఆయన సూత్రాలు చేసుకునేవాడు. చివరికి ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పాడు. స్కాలర్‌షిప్ తీసేశారు. తల్లి వెళ్ళి ప్రిన్సిపాలును అడిగినా లాభం లేకపోయింది. టర్ము ఫీజు 32 రూపాయలు. తండ్రి నెల జీతం 20 రూపాయలు. ఇక లెక్క మీరే వేసుకోండి.

ఆ అవమానం భరించలేక 1905 ఆగస్టులో, పదిహేడేళ్ళ వయసులో రామానుజన్ ఇంట్లో చెప్పకుండా రైలెక్కాడు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మన తెలుగు ఊరు విశాఖపట్నం చేరాడు. ఇంట్లోవాళ్ళు పత్రికలో ప్రకటన వేసి వెతికించారు. తర్వాత ఇల్లు చేరాడు.

1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో మళ్ళీ చేరాడు. గణితం పేపరును మూడు గంటల్లో రాయాల్సి ఉంటే చాలా ముందే ముగించి లేచేవాడు. శరీరధర్మ శాస్త్రం మాత్రం ఆయనకు గిట్టలేదు. అందులో పది మార్కులు రావడమే కష్టమయ్యేది. 1906 డిసెంబరులో ఎఫ్.ఏ. తప్పాడు. 1907 డిసెంబరులో మళ్ళీ రాసి మళ్ళీ తప్పాడు. అంతటితో కాలేజీ చదువు ముగిసింది. ఆ తర్వాత ఆయన ఏ పరీక్షా పాసవలేదు.

పరీక్ష తప్పితే పోయేది

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. పరీక్షలో తప్పినంత మాత్రాన రామానుజన్ తెలివి తగ్గిందా? లేదు. మార్కులు తెలివికి కొలబద్ద కాదనడానికి ఆయన కంటే సాక్ష్యం అక్కర్లేదు. మరి ఏం పోయింది? తలుపులు మూసుకుపోయాయి. డిగ్రీ లేనివాడికి ఉద్యోగం లేదు, స్కాలర్‌షిప్ లేదు, లైబ్రరీ లేదు, మాట్లాడడానికి తన స్థాయి మనిషి లేడు. 1909 జూలైలో జానకితో పెళ్ళయింది. సంసారం నెత్తిన పడింది. ట్యూషన్ల కోసం తిరిగాడు. స్నేహితుల గదుల్లో తలదాచుకున్నాడు. కాగితం కొనడానికి డబ్బు లేక స్లేటు మీద బలపంతో చేసి, మోచేత్తో చెరిపి, తేలిన ఫలితం మాత్రమే నోటుబుక్కులో ఎక్కించేవాడు.

ఆయన బతికింది ముప్ఫై రెండేళ్ళు. అందులో 1905 నుంచి 1910 దాకా ఇలా వీధుల్లో గడిచిపోయింది. రామానుజనే ఫెయిలయ్యాడు కదా అని ధీమాగా అనేవాళ్ళు ఈ ఐదారేళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గుత్తి, నెల్లూరు చేసిన మేలు

1907లో మన అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి.రామస్వామి అయ్యర్ గణితం మీద ప్రేమతో ఒక సంఘం పెట్టాడు. అదే తర్వాత ఇండియన్ మేథమెటికల్ సొసైటీ అయింది. అంటే దేశంలో గణితవేత్తల సంఘానికి విత్తనం పడింది మన రాయలసీమ నేలలోనే. 1910లో ఆయన తిరుక్కోయిలూరులో పనిచేస్తుండగా రామానుజన్ గుమాస్తా ఉద్యోగం అడగడానికి నోటుబుక్కు చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఆ నోటుబుక్కు తిరగేసిన అయ్యర్‌కు ఈ మనిషిని రెవెన్యూ ఆఫీసులో చిన్న గుమాస్తాగా కూర్చోబెట్టడం పాపమనిపించింది. ఉత్తరాలు ఇచ్చి మద్రాసు పంపాడు.

ఆ ఉత్తరాల దారిలోనే 1910 డిసెంబరులో రామానుజన్ నెల్లూరు కలెక్టరు ఆర్.రామచంద్రరావు ముందు నిలబడ్డాడు. నలిగిన బట్టలు, చేతిలో నోటుబుక్కు. రామచంద్రరావు కూడా గణితం చదువుకున్నవాడే. మొదట నమ్మలేదు. మాట్లాడిన కొద్దీ నమ్మకం కుదిరింది. పరీక్షలు తప్పినవాడికి స్కాలర్‌షిప్ ఇప్పించడం కుదరదు కాబట్టి, మద్రాసులో ఉండి గణితం చేసుకొమ్మని తన సొంత డబ్బు నెలకు 25 రూపాయలు పంపాడు.

25 రూపాయలు, కూడు, గూడు. అంతే కావలసింది. మరుసటి సంవత్సరం 1911లోనే బెర్నూలీ సంఖ్యల మీద రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం ఆ సొసైటీ పత్రికలో అచ్చయింది. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పనిలో చేరాడు.

స్టెప్పులు లేని జవాబులు

1913 జనవరి 16న పోర్టు ట్రస్టు గుమాస్తా కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్.హార్డీకి ఉత్తరం రాశాడు. అంతకు ముందు ఇద్దరు పెద్ద గణితవేత్తలకు రాసినా ఫలితం లేకపోయింది. కారణం మనకు బాగా తెలిసిందే. జవాబులున్నాయి, స్టెప్పులు లేవు. హార్డీ తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి కూర్చుని ఒక్కొక్క సూత్రాన్ని పరిశీలించాడు. కొన్ని అప్పటికే యూరప్‌లో తెలిసినవి. కొన్ని తప్పు. కొన్ని మాత్రం వాళ్ళు ఎన్నడూ చూడనివి. ఆ రాత్రికి వాళ్ళు తేల్చింది ఒకటే, ఇది రాసినవాడు మహామేధావి అని.

అయినా హార్డీ వెంటనే అడిగింది నిరూపణలే. తర్వాత కేంబ్రిడ్జిలో రామానుజన్ తన గురువుల దగ్గర నేర్చుకున్నదీ ప్రధానంగా అదే. రామానుజన్ అంతటివాడినే స్టెప్పులు అడిగారంటే మన మాస్టర్లు అడగడంలో వింత లేదు. జవాబు నీకు తెలిస్తే చాలదు, ఎదుటివాడికి తెలిసేలా రాయాలి.

ఇంకో సంగతి. ఆ హార్డీకి కూడా పరీక్షలంటే పడేది కాదు. కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ర్యాంకుల వారీగా పేర్లు చదివే పద్ధతి విద్యార్థుల బుర్రను పాడు చేస్తోందని పోరాడినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ పద్ధతి 1909తో ముగిసింది. అయితే హార్డీ ఆ పోరాటం చేసింది తాను ఆ పరీక్ష రాసి నాలుగో ర్యాంకు తెచ్చుకున్న తర్వాతే.

హార్డీ ఉత్తరం వచ్చాక మద్రాసు కూడా కదిలింది. డిగ్రీ లేకపోయినా నిబంధన పక్కన పెట్టి 1913లో మద్రాసు యూనివర్సిటీ నెలకు 75 రూపాయల పరిశోధన స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1914 మార్చి 17న రామానుజన్ మద్రాసులో ఓడ ఎక్కాడు.

కేంబ్రిడ్జిలో

అక్కడి ఐదేళ్ళలో చేసిన పని గురించి రెండు ముక్కలు చెబుతాను. 12ను 1, 2, 3, 4, 6, 12 భాగిస్తాయి. మొత్తం ఆరు భాజకాలు. 12 కంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని లేవు. 24, 36, 48, 60 కూడా అలాంటివే. ఇవి తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలు గల సంఖ్యలు. ఇంత మామూలుగా కనిపించే విషయం మీద రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం రాశాడు. దానికే 1916 మార్చిలో కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది. ఎఫ్.ఏ. రెండుసార్లు తప్పిన మనిషికి పరీక్ష లేకుండా వచ్చిన పట్టా అది.

రెండోది. 4ను ఎన్ని రకాలుగా కూడికగా రాయవచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం ఐదు రకాలు. 5కు ఏడు వస్తాయి, చేసి చూడండి. 100కు ఎన్నో తెలుసా? 19 కోట్ల 5 లక్షల 69 వేల 292. ఒక్కొక్కటీ రాయకుండానే ఈ లెక్క తేల్చే సూత్రాన్ని రామానుజన్, హార్డీ కలిసి 1918లో ప్రకటించారు. ఆ సంవత్సరమే ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ట్రినిటీ కాలేజీ ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయుడు కూడా ఆయనే.

కానీ యుద్ధకాలం, చలి, శాకాహారం సరిగా దొరక్కపోవడం, ఒంటరితనం. 1917లో జబ్బుపడి ఆస్పత్రుల పాలయ్యాడు. హార్డీ చూడడానికి వచ్చి తన టాక్సీ నంబరు 1729లో ఏ విశేషమూ లేదంటే, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల సంఖ్యల్లో అదే అతి చిన్నదని మంచం మీంచే చెప్పాడు. 1 ఘనం, 12 ఘనం కూడండి. 9 ఘనం, 10 ఘనం కూడండి. రెండూ 1729.

1919లో స్వదేశం చేరాడు. జబ్బు తగ్గలేదు. మంచంలోనూ స్లేటు వదల్లేదు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశాడు. భార్య జానకి కుట్టుపని చేసుకుంటూ, చిన్న పెన్షన్‌తో 1994 వరకు జీవించింది. ఆయన చివరి రోజుల్లో రాసిన కాగితాలు 1976లో కేంబ్రిడ్జి లైబ్రరీలో జార్జ్ ఆండ్రూస్ కంటపడ్డాయి. వాటిమీద గణితవేత్తలు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు. 2012 నుంచి ఆయన పుట్టినరోజును మనం జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

రాబోయే పరీక్షకు

ఈ జీవితం నుంచి ముందున్న పరీక్షకు మూడు సంగతులు తీసుకుందాం. ఒకటి, అయిపోయిన పేపరును పారేయవద్దు. పోయిన ప్రతి లెక్కనూ పుస్తకం మూసి మళ్ళీ చేయాలి. కార్ పుస్తకాన్ని రామానుజన్ చదివిన పద్ధతి అదే. రెండు, జవాబు వచ్చినా స్టెప్పులు వదలవద్దు. మూడు, ఇష్టమైన సబ్జెక్టు కోసం ఇంగ్లీషును, సైన్సును, సోషల్‌ను గాలికి వదలవద్దు. లెక్కల్లో 95 వచ్చి ఇంగ్లీషులో 35 రాకపోతే ఏమవుతుందో కుంభకోణం కాలేజీ చెప్పింది.

ఒకవేళ తప్పితే? రైలెక్కి పారిపోకండి. పక్క మంచం మీదున్న అన్నకు చెప్పండి, అక్కకు చెప్పండి, వార్డెన్ సారుకు, మేడమ్‌కు చెప్పండి. సప్లిమెంటరీ ఉంది. రామానుజన్‌కు అడుగడుగునా ఎవరో ఒక పెద్దమనిషి దొరికాడు. ఆ కాలంలో అంత తెలివీ ఉండి, ఏ పెద్దమనిషి గడపా తొక్కనివ్వని కులాల్లో పుట్టి, పొలాల్లోనే ముగిసిపోయిన పిల్లలు ఎందరో ఎవరు లెక్కపెట్టారు? మన ముత్తాతల్లో ఎంతమంది ఉన్నారో? ఆయనకు నెల్లూరు కలెక్టరు దయతో ఇచ్చిన 25 రూపాయలు ఈ రోజు మనకు హాస్టల్ గదిగా, అన్నంగా, స్కాలర్‌షిప్‌గా వస్తున్నాయి. ఇది ఎవరి దయా కాదు, మన హక్కు. అంబేడ్కర్ గారు, ఇంకా ఎందరో పోరాడి సాధించిపెట్టిన హక్కు. దాన్ని ఒక్క సంవత్సరం కూడా వృథా చేసే అధికారం మనకు లేదు.

చివరిగా ఒక్క సంగతి. ఇంగ్లండు ఆస్పత్రిలో ఉన్న రామానుజన్‌కు మద్రాసు యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్లు మంజూరు చేసింది. 1919 జనవరిలో ఆయన రిజిస్ట్రారుకు జవాబు రాస్తూ, అందులో 50 పౌండ్లు తల్లిదండ్రులకు పంపమని, తన ఖర్చులు పోగా మిగిలినది పేద పిల్లల, అనాథల స్కూలు ఫీజుల కోసం, పుస్తకాల కోసం వాడమని కోరాడు. 32 రూపాయల ఫీజు కట్టలేక చదువు పోగొట్టుకున్న కుర్రవాడు, జబ్బు మంచం మీద కూడా ఆ ఫీజును మరచిపోలేదు.

మన హాస్టల్ నుంచి వెళ్ళి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నయ్యలు, అక్కయ్యలు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా మనవి. నెలకు ఒక ఆదివారం వచ్చి పదో తరగతి పిల్లలకు రెండు లెక్కలు చెప్పినా చాలు. నేను ఈ ప్రీఫైనల్ లోపల ప్రతి ఆదివారం వస్తాను. పోయిన పేపరు, తెల్ల కాగితాలు తీసి పెట్టుకోండి తమ్ముళ్ళూ.

— మీ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. గణితం, తిరుపతి